మగవాళ్ల వైపు గుండీలు

సూదుల డాక్టరమ్మ మొన్న మంగళవారం ఉదయం పోయారు. గుండెపోటు. డెబ్బై ఒక్క ఏళ్లు. ఈ మూడు సంగతులూ ఆమె చెల్లెలు నాకు ఫోనులో ఇదే వరుసలో చెప్పారు. మధ్యలో ఏడ్చారు గానీ వరుస తప్పలేదు. ఆ ఇంట్లో ఏ సంగతైనా అలాగే చెబుతారు.

నేరేడ్‌మెట్‌లో ఆమె ఇంటి ముందుగదే క్లినిక్కు. రెండు మంచాలు, ఒక బల్ల, గోడకు కొక్కెం, బల్ల మీద పొడుగాటి నోటుపుస్తకం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఆమె ఎంబీబీఎస్ చదివి, సర్కారు ఆసుపత్రిలో పనిచేసి, రిటైరయ్యే ముందు ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. చుట్టుపక్కల కాలనీల్లో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ.

నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది సగం రోగి కొడుకుగా, సగం రిపోర్టరుగా. దొంగ వైద్యుల మీద అప్పటికే చాలా వార్తలు రాశాను. ఇంకొకటి దొరుకుతుందనుకున్నాను.

మా నాన్న దర్జీ. కార్ఖానా అనే పేటలో చిన్న దుకాణం. నలభై ఏళ్లు కంటోన్మెంటులోని సైనికులకు యూనిఫారాలు కుట్టాడు. ఒకరోజు ఒక హవల్దారు చొక్కా బట్ట కోస్తే ముందుభాగాలు రెండూ ఎడమవే వచ్చాయి. బట్టను ముఖానికి ముఖం వేసి, అంటే మంచివైపులు రెండూ లోపలికి వచ్చేలా మడిచి, కోస్తే కుడిఎడమలు వాటంతట అవే వస్తాయి. పని నేర్చుకునేవాడికి మొదటి వారం చెప్పే పాఠం అది. నాన్న మడవడం మరిచిపోయి ఒకదాని తర్వాత ఒకటి కోశాడు. నెలలో మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారి మా అమ్మ కత్తెర తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్డులో దోపుకుంది. నాన్న మల్కాజ్‌గిరిలో మా ఇంటి వరండాలో కూర్చుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే మాట చెప్పేవాడు. "నా కత్తెర నాకియ్యమనుండ్రి."

పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. మెదడులో సన్నటి రక్తనాళాలు అక్కడక్కడా మూసుకుపోయాయి. పక్షవాతం రాలేదు, మాట పోలేదు. పోయింది పనుల వరుస. బీపీకి, షుగరుకు మాత్రలు రాసి, జబ్బు ముదరకుండా చూసుకోవాలని, పోయింది తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేనని అక్కడి డాక్టరు అన్నారు. ఆ తర్వాతే, ఎదురింటివాళ్లు చెబితే, సూదుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి రుజువుందా?"

"గట్టిది లేదండి," అన్నారు. "కొన్ని పరిశోధనలు ఉపయోగముందంటున్నాయి. చాలావరకు చిన్నవి. నా దగ్గర కొందరికి తేడా కనపడింది, కొందరికి లేదు. మూడు నెలలు చూద్దాం. లేకపోతే నేనే మానేయమంటాను."

వార్త అక్కడితో చేతిలోంచి జారిపోయింది. తెలియదని చెప్పే దొంగ వైద్యుణ్ణి నేను అంతవరకు చూడలేదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. మొదటి రోజు సూది ముట్టుకునేవారు కాదు. రోగి జీవితమంతా ఏ పని చేశాడో ఆ పని మొదటినుంచి చివరిదాకా చెప్పమనేవారు. వంట చేసినావిడ అయితే పులిహోర, లైన్‌మన్ అయితే ఫ్యూజు. చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకునేవారు. ప్రతి నాలుగో వారం, పాత పేజీ చూపించకుండా, మళ్లీ అదే అడిగేవారు.

"మాస్టారూ, చొక్కా ఎలా కుడతారో చెప్పండి."

నాన్న నావైపు తిరిగి గొంతు తగ్గించాననుకుని గట్టిగానే అన్నాడు. "గిదేందిరా, సూదులు వేస్తదంటివి. ఆంధ్రామెకు నేను కుట్టుడు నేర్పాలెనా?"

"నేర్పండి. గుండీ ఊడితే మా చెల్లెల్ని బతిమాలుకుంటున్నాను," అన్నారామె, పెన్ను మూత తీస్తూ.

ఆ రోజు నాన్న కొలత నుంచి నేరుగా కాలరుకు వెళ్లిపోయాడు. మడత లేదు, కోత లేదు. చేతులు జేబులో పెట్టుకుని బయటికి చూశాడు. ఆమె సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. ఉన్నది రాసుకున్నారు.

వారానికి మూడు రోజులు సూదులు. నడినెత్తిన, మణికట్టు పైన, మోకాలి కింద. వెంట్రుకంత సన్నవి. అరగంట అలా పడుకుంటే ఒళ్లు బరువెక్కుతుందనేవాడు నాన్న. రెండో వారంలోనే ఒక గొడవ జరిగింది. లోపలికి రాగానే ఆమె మాత్రల చీటీ అడిగారు.

"సూదులు పెడుతున్నరు గద డాక్టరమ్మా, ఇగ గోలీలెందుకని బంజేసిన," అన్నాడు నాన్న, మెచ్చుకుంటారనుకుని.

ఆమె బీపీ చూశారు. సూదుల డబ్బా మూత పెట్టేశారు. "గోలీ వేసుకోని రోజు నా సూది లేదు. ఇంటికెళ్లండి మాస్టారూ."

"గింత దూరం ఆటోల వస్తే ఉత్తగ పంపుతరా?"

"పంపుతాను. చొక్కా కుట్టేవాడు దారం మానేసి సూదితోనే కుడతానంటే మీరు ఒప్పుకుంటారా?"

నాన్న ఆటో ఎక్కాడు. ఇంటికొచ్చి అమ్మను నీళ్లడిగి గోలీ వేసుకున్నాడు. మళ్లీ మానలేదు.

కత్తెర సంగతి ఆమెకు నాలుగో వారం తెలిసింది. ఆ రోజు అమ్మ వెంట వచ్చింది. "బీర్వల వెట్టి తాళమేసిన డాక్టరమ్మా. వేళ్లు తెగితే ఎట్ల? బట్టలు కరాబైతే ఎట్ల?"

"బట్టలివ్వకండి. పాత పేపర్లివ్వండి. పక్కన మీరు కూర్చోండి. చెయ్యి పని చేయకపోతే నేను తల మీద ఎన్ని సూదులు పెట్టీ ఏం లాభం లేదమ్మా."

"మరి గిన తప్పు కోస్తే?"

"తప్పు కోసిన పేపరు నాకు తెచ్చివ్వండి. నాకు అదే కావాలి."

ఆ విధంగా కత్తెర రోజుకొక గంట విడుదలైంది. మా ఇంట్లో పాత పేపర్లంటే మా పేపరే. నేను రాసినవన్నీ చేతులుగా, కాలర్లుగా, జేబులుగా నేలంతా పరుచుకున్నాయి. నా వార్తలు అంతకు ముందు ఒకరి ఒంటికి సరిపోవడం నేను చూడలేదు. మొదట్లో రెండు ఎడమలే వచ్చేవి. అమ్మ కత్తెర లాక్కోబోయేది, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకునేది. ఎనిమిదో వారం చివర్లో ఒక మధ్యాహ్నం నాన్న పేపరు పరిచి, కాసేపు దాన్నే చూసి, ముఖానికి ముఖం వేసి మడిచాడు. అమ్మ నాకు ఆఫీసుకు ఫోను చేసింది. "మడిచిండురా" అన్న ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

నేను అదే ఊపులో నేరేడ్‌మెట్ వెళ్లి, నాన్నకు చాలా మెరుగ్గా ఉందన్నాను.

"మెరుగ్గా అంటే?" అన్నారామె. "ఏం చేశారో చెప్పండి రిపోర్టర్ గారూ. మెరుగు నేను రాసుకోలేను."

మడిచాడు అని చెప్పాను. అది రాసుకున్నారు. ఎన్నిసార్లలో ఎన్నిసార్లు అని అడిగారు. అమ్మను నేను అది అడగనేలేదు. రిపోర్టరుగా నేను సిగ్గుపడిన సందర్భాల్లో అదొకటి.

మూడు నెలలయ్యాక ఆమె తెల్ల బట్ట తీసి నాన్న చేతిలో పెట్టారు. "నాకు కోటు కుట్టండి." అది చెడితే కత్తెర మళ్లీ లోపలికే అని అమ్మ అక్కడే, ఆమె ఎదుటే చెప్పింది. నాన్న తలూపాడు. ఒకప్పుడు ఒక్క రోజులో అయ్యే పనికి ఎనిమిది రోజులు పట్టింది. రెండుసార్లు విప్పి కుట్టాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

ఆమె తొడుక్కుని చూసుకున్నారు. కుడి ఎడమలు సరిగ్గా ఉన్నాయి. గుండీలు మాత్రం ఎడమకు బదులు కుడి అంచున, మగవాళ్ల వైపు ఉన్నాయి. ముందు గమనించింది అమ్మే. బొడ్డులోని తాళంచెవి తడుముకుంది.

"మాస్టారూ, గుండీలు ఇటెందుకు పెట్టారు?"

నాన్న కోటును ఒక క్షణం చూశాడు. "నలభై ఏండ్లు ఫౌజోళ్లకే కుట్టిన గదమ్మా. చెయ్యి అటే పొయ్యింది. జెర ఇయ్యండి, మారుస్త."

"వద్దు. ఎందుకు తప్పిందో చెప్పారు. అది చాలు నాకు." పుస్తకంలో రాశారు: ఎనిమిది రోజులు. గుండీలు మగవాళ్ల వైపు. కారణం చెప్పగలిగారు. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగారు. "తాళంచెవి బొడ్డులోంచి తీసేయండమ్మా."

నేను వ్యాసం రాసి ఆమెకు చూపించాను. సూదులతో తిరిగొచ్చిన జ్ఞాపకం అని శీర్షిక పెట్టాను. ఆమె దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "మాత్రలేవి? పేపర్లేవి? రోజూ గంట పక్కన కూర్చున్న మీ అమ్మగారేరి? అన్నీ కలిపి చేశాం. ఏది ఎంత పనిచేసిందో నాకు తెలియదు. తెలియదని రాయండి. తిరిగి రానివి కూడా రాయండి." రాశాను. పాత ఖాతాదార్ల కొలతలు నాన్నకు నోటికి ఉండేవి, అవి రాలేదు. కొత్త ముఖాలు గుర్తుండవు. ప్రతి కొలతా ఇప్పుడు కాగితం మీద రాసుకోవాలి. వ్యాసం లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. అది చదివి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. ఆమె చాలా సంతోషించారు.

అది జరిగి ఐదేళ్లు. నాన్న రోజూ రెండు గంటలు దుకాణంలో కూర్చుంటాడు. ఎక్కువగా మరమ్మతులే. నేను ఆఫీసులో ఏ కుర్రాడు రాసిన వార్తలో 'మెరుగు' అని కనిపించినా, ఏం చేశారో రాయమంటాను.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక నాన్నను ఆమె ఇంటికి తీసుకెళ్లాను. ముందుగదిలో జనం ఉన్నారు. నాన్న ఎవరినీ పలకరించకుండా గోడ దగ్గరికి నడిచాడు. కొక్కేనికి తెల్ల కోటు వేలాడుతోంది. మోచేతుల దగ్గర ఉతికి ఉతికి పల్చబడింది. దాన్ని దించి, చేతి అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు.

"డాక్టరమ్మ చెయ్యి పొట్టి," అన్నాడు. "జెర తగ్గియ్యాలుండె. ఎన్నడు చెప్పలే."

బల్ల మీద కోటు పరిచి, పైనుంచి కిందికి ఐదు గుండీలూ పెట్టాడు. ఒక్క కాజా తప్పలేదు. మళ్లీ కొక్కేనికే తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. ఎడమ భుజం కొంచెం జారింది. ముందుకొచ్చి, లోపల మనిషి నిలబడి ఉంటే సరిచేసినట్టే, దాన్ని రెండు చేతులతో సరిచేశాడు.