మా మామ గ్రహణం పాఠం

మా మామ లక్ష్మీరాజానికి ఆకాశం పిచ్చి. మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలో ఉన్నన్నాళ్లూ తల ఎత్తితే బొగ్గు పైకప్పు తప్ప ఏమీ కనిపించలేదట. ఇప్పుడేమో ఎత్తిన తల దించడు.

పొద్దుగూకితే చాలు, డాబా మీద కుర్చీ వేసుకుంటాడు. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి, ఫోన్లో ఖగోళం ప్రశ్నలు చదివి నేనే అడగాలి. జవాబు తప్పంటే మాత్రం ఒప్పుకోడు. వేగుచుక్క నక్షత్రం కాదు మామా, గ్రహం అన్నందుకు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నాడు. ఫస్టు షిఫ్టుకు పోతూ ఏళ్ల తరబడి దాన్ని చూసిన మనిషికి, నిన్నగాక మొన్న వచ్చిన కోడలు దాని సంగతి చెప్పడమా? తర్వాత తనే వచ్చి, ఇంకా ఏమేం తప్పుగా తెలుసో అడిగి చూడమన్నాడు. ఆ వయసులో అలా అడగగలిగిన మనిషి అంటే నాకు ప్రాణం.

కాముని పున్నమికి చంద్రగ్రహణం అని తెలిశాక మా ఆట ఆటగా మిగల్లేదు. మా అత్త శంకరవ్వకు షుగరు, రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. పోయిన గ్రహణానికి ఏమీ తినకుండా ఉండి, పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. నిప్పుల మీద పడకపోవడం మా అదృష్టం. ఈసారి ఎలాగైనా ఆమెకు తినిపించాలని మామ పంతం పట్టాడు.

గ్రహణమంటే ఉత్త నీడేనని చూపించడానికి టార్చిలైటును సూర్యుణ్ని చేశాడు, నిమ్మకాయను చంద్రుణ్ని చేశాడు. భూమి తనే. నిమ్మకాయను పట్టుకోవాల్సిన వైపు పట్టుకోక మాటిమాటికీ సూర్యగ్రహణం తెప్పిస్తుంటే, నేనే దాన్ని ఆయన వెనక్కి జరిపాను. అత్త చిక్కుడుకాయలు తుంచుతూ అంతా చూసి, నీడే అయితే రోకలెందుకు నిలబడుతుందని అడిగింది. గ్రహణం పట్టగానే పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. గ్రహణం విడిచాక అది నిలబడదని అత్త నమ్మకం. ఏ రోజైనా నిలబడుతుందని మామ వాదించి, మర్నాడు అందరి ముందూ నిలబెట్టబోయాడు. చెయ్యి తీయగానే రోకలి ఆయన కాలి మీదే పడింది. అత్త కొబ్బరినూనె రాస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. మామ మూతి ముడుచుకున్నాడు.

పున్నమి నాడు అత్త పొద్దుటి నుంచీ ఏమీ ముట్టలేదు. ఊరగాయ జాడీ మీద గరిక వేసింది. మధ్యాహ్నం దాటాక గ్రహణం పట్టగానే పళ్లెంలో రోకలి పెడితే, ఆమె చేతికి అది ఇట్టే నిలబడింది. చీకటి పడే వేళకు అత్తకు చెమటలు పట్టాయి, మాట తడబడుతోంది. నాకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. అప్పుడు మామ కంచంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు. టార్చిలైటు ఊసే ఎత్తలేదు.

"బాయిల ఎండ రాదు గదనే. దిగిన కాడికెల్లి పైకెక్కేదాక నాకు రోజూ గ్రహణమే. నువ్వు కట్టిచ్చిన సద్ది గా చీకట్లనే తిన్న. నాకేమన్న అయిందా?"

అత్త ఆయన వైపు తిరిగింది.

"పైకొచ్చి, చెట్టు కింద కూసొని తింటున్నవనుకున్న," అంది. "గిన్నేండ్లు గట్లనే అనుకున్న."

మామ కాదన్నట్టు తల ఊపాడు. ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

బయట చంద్రుణ్ని గ్రహణం ఇంకా సగమే విడిచింది. అత్త నోరు తెరిచింది.