నాన్న అరవై దాటాక చేయించుకున్న సున్తీ

మా నాన్నకు కోపం ఎక్కువ, సిగ్గు అంతకంటే ఎక్కువ. ఆ సిగ్గే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

తొంభైల చివరి సంగతి. బీర్కూర్ దగ్గర మా చేనులో చెరుకు నరుకుతున్నారు. నాన్నకు అప్పటికే షుగర్. ఒంటేలుకు పోయినప్పుడల్లా పళ్లు బిగబట్టుకుని వస్తుంటే అమ్మ కనిపెట్టి, నన్ను తోడిచ్చి బాన్సువాడ దవాఖానకు పంపింది.

షుగర్ వల్ల ముందు తోలు మాటిమాటికీ పుండు పడి, మానినచోటల్లా బిగుసుకుపోయిందన్నాడు డాక్టర్. మలాముతో తగ్గే దశ దాటింది, ఆ తోలు తీసేయాలి, లేకుంటే మూత్రమే ఆగిపోతుందన్నాడు.

"అంటే సున్తీనా?" అన్నాడు నాన్న.

"అదే."

నాన్న ధోతి సర్దుకుని బస్టాండుకు నడిచాడు.

ఇంటికొచ్చాక అమ్మ గట్టిగా అడిగితే అసలు భయం బయటపెట్టాడు. "నేను సచ్చినంక వాకిట్ల పండవెట్టి పాలోళ్లు నీళ్లు పోస్తరు. గప్పుడు సూశి ఏమంటరు? గీనె ఎప్పుడు సాయబైండని నవ్వరా?"

మాలో ఆఖరి స్నానం పాలివాళ్లే, అంటే దాయాదులే చేయించాలి. అది మనిషికి దక్కే చివరి మర్యాద. తెలుసు. అయినా నాకు ఒళ్లు మండింది. బతికున్న మనిషి బాధకంటే శవం పరువు ఎక్కువైందా అని అరిచాను. ఆ కోపంలోనే మర్నాడు ఒక్కడినే దవాఖానకు పోయి, సంతకం నేను పెడతాను, ఎలాగోలా చేసేయండి అన్నాను.

"మీ నాయనకు తెలివి మంచిగనే ఉన్నది. ఒళ్లు ఆయనది. ఆయన ఒప్పుకోనిది నేను కత్తి పట్ట" అన్నాడు డాక్టర్. అప్పుడు ఆయన మీదా మండింది.

మా పక్క చేను ముస్లిం రైతుది. ఆయనా నాన్నా చిన్నప్పటి నుంచి 'బావా' అనే పిలుచుకుంటారు. గట్టు మీద సంగతంతా విని ఆయన ముందు పగలబడి నవ్వాడు. తర్వాత నాన్న భుజం మీద చెయ్యేశాడు.

"మాకు దీన్ కోసం, మతం కోసం చేస్తరు. నీకు పాణం కోసం. రెండు ఒక్కటెట్లైతయి బావా? చిన్నగున్నప్పుడు నన్నైతే ఎవ్వరడగలె, పట్టుకొని కానిచ్చిండ్రు. నిన్ను అడుగుతుండ్రు. అడిగినప్పుడు నోరు తెరువు!"

నాన్న తెల్లారి తానే చెప్పులేసుకుని "బస్సుకు టైమైతుంది, పా" అన్నాడు. డాక్టర్ ముందు నా వైపు చూడకుండా, "చేయుండ్రి" అన్నాడు.

షుగర్ మనిషి కదా, పుండు మానడానికి చాన్నాళ్లు పట్టింది. ఎవరైనా అడిగితే హెర్నియా అని చెబుదామని అమ్మా నేనూ అనుకున్నాం. నాన్న మా మాటలు విన్నాడు. లేచి తిరిగిన మొదటిరోజు చాయ్ హోటల్ దగ్గర ఎవరో, "దవాఖానల ఏంజేశిండ్రు పటేలా?" అని అడిగారు.

"సున్తీ జేశిండ్రు" అన్నాడు నాన్న.

నాకు తల కొట్టేసినట్టయింది. వెనక నుంచి ఒకడు, "ముసలోనికి దసరా పండుగ!" అన్నాడు. బెంచీలన్నీ నవ్వాయి.

"నవ్వుండ్రి. షుగరుండి, నా తీర్గనే పండ్లు బిగవట్టుకొని తిరిగేటోళ్లు మీల గూడ ఉన్నరు. నేను సిగ్గుపడి సావబోయిన. మీరు సావకుండ్రి."

ఇగ ఎవరూ నవ్వలేదు. అమ్మ ముందు కూడా ఒంటేలు అన్న మాట అనలేని మనిషి, ఊరందరి ముందు తన ఒంటి సంగతి చెప్పాడు. మా నాన్న అని నలుగురికీ చూపించుకోవాలనిపించింది నాకు. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత ఒక్కొక్కరే మా ఇంటికొచ్చి నాన్నను చాటుకు పిలిచేవారు. వాళ్లను వెంటబెట్టుకుని బాన్సువాడ బస్సెక్కేవాడు. కొందరికి మలాముతోనే తగ్గింది. కోత తప్పదని డాక్టర్ చెప్పిన వాళ్లలో ఒకాయన బస్టాండులోనే ఆగిపోయి, "మరి రేపు పాలోళ్లు సూస్తరు గద పటేలా?" అన్నాడు, నాన్న ఒకప్పుడు అడిగినట్టే.

నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాడు. "సూడనియ్యి. గని జల్ది సూడొద్దనే గద మనం దవాఖానకు పోయేది!"