పెదనాన్న వేసిన చుక్క

మా పెదనాన్నకు ఒక్కటే జబ్బు. మెరిసే వస్తువు కనబడితే చాలు, దాని మీద ఏదో ఒక ద్రవం చుక్క వేసి గడియారం చూస్తూ కూర్చుంటాడు.

ఆసుపత్రులకు అల్యూమినియం ట్రేలు చేసే ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం. ట్రే మీద కరెంటుతో గట్టి పొర పెంచి రంగు ఎక్కిస్తారు. ఆ పొర ఏ మందుకు నిలుస్తుందో, దేనికి చేతులెత్తేస్తుందో తేల్చాలి. గేటు దాటి బయటికొచ్చినా ఆయన తేలుస్తూనే ఉంటాడు.

పక్కింటాయన కొత్త కారు మీద నిమ్మరసం చుక్క వేసి, "పది నిమిషాలు కదపకండి" అన్నాడు. కారూ కదిలింది, స్నేహమూ కదిలింది.

"నా నెత్తినా ఓ చుక్క వెయ్యండి, తేలిపోతుంది" అంది పెద్దమ్మ.

"నీది గట్టి పొరేలే. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాగా!"

ఒకరోజు ఆసుపత్రి నుంచి నలభై నీలం ట్రేలు బూడిద పూసుకున్నట్టు తిరిగొచ్చాయి. వెంట ఉత్తరం: కడిగే ఆవిడ పీచుతో గీకి పాడుచేసింది, ఆవిడను తీసేస్తున్నాం, కొత్తవి పంపండి.

పెదనాన్న ట్రేను వెలుగులో తిప్పి చూశాడు. ఒక్క గీతా లేదు. గడియారం పట్టుకోవడానికి నన్ను వెంటేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు.

మేం వెళ్లేసరికి ఆవిడ ఏప్రాన్ విప్పి మడతపెడుతోంది.

"గీకకుండా రంగెలా పోతుందండీ?" అన్నాడు స్టోర్సు అధికారి.

"ఈ కడిగే మందు ఎవరు తెప్పించారు?" పక్కనున్న డబ్బా చూపించి అడిగాడు పెదనాన్న.

"నేనే. కొత్తది. మురికి చిటికెలో వదులుతుంది."

పెదనాన్న కొత్త ట్రే తీసి పాత మందు ఒక చుక్క, కొత్త మందు ఒక చుక్క వేశాడు. "ఎవరూ కదలొద్దు!"

ఇరవై నిమిషాలు కొయ్యబొమ్మల్లా నిలబడ్డాం. అధికారి ఫోను రెండుసార్లు మోగినా తీయనివ్వలేదు. తుడిచి చూస్తే, పాత చుక్క కింద నీలం నీలంగానే ఉంది. కొత్త చుక్క కింద గుండ్రంగా తెల్ల మచ్చ.

"క్షారం ఎక్కువైంది. మురికితో పాటు పొరనీ తినేసింది. ఏది పాడైనా ముందు కడిగినవాళ్లనే తిడతారు బాబూ. అందుకే నేను ఎక్కడపడితే అక్కడ చుక్క వేసి చూసుకుంటా."

అధికారి ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, రేపట్నుంచి..."

"రేపెందుకు? ఇప్పుడే" అన్నాడు పెదనాన్న.

ఆవిడ ఏప్రాన్ కట్టుకుంది. మా ముగ్గురి కాళ్లవంకా చూసింది.

"కడిగిన గదిలోకి బూట్లతో వచ్చేశారా? నడవండి బయటికి!"

అందరికంటే ముందు, ఆనందంగా పరిగెత్తింది పెదనాన్నే.