ఉప్పు తక్కువ పిన్ని

మునీరే పిన్ని రంజాన్ నెలలో, పట్టపగలు, పదకొండు ఇళ్లలో భోంచేసి పన్నెండో గుమ్మంలో నిలబడి "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. ఈ మాట చెప్పేది వ్యాన్ డ్రైవర్ జిబ్రాయీల్. జిబ్రాయీల్ ఏం చెప్పినా అందులో మూడోవంతు తీసేసి వినాలని టర్కీ దక్షిణాన ఉన్న ఈ అంతాక్యలో అందరికీ తెలుసు. తీసేసినా ఇంకా ఏడిళ్లు మిగులుతాయి.

పోనీ ఆవిడ దేవుణ్ణి ఎరగని మనిషా అంటే, కాదు. కొన్యాలో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు ఖురాన్ చెప్పిన పంతులమ్మ. కొన్యా అంటే రంజాన్ పగటిపూట పిల్లులు కూడా పాలగిన్నె చూసి తల తిప్పుకుని పోయే ఊరు (ఇదీ జిబ్రాయీల్ మాటే). అలాంటి ఊరినుంచి, భూకంపం వార్త విని, గుండె పగిలినవాళ్లకు ఊరట చెబుతానని బస్సెక్కి వచ్చింది. వచ్చి ఎవరికీ ఒక్క ఊరట మాట చెప్పలేదు. ఇంటింటికీ వెళ్లి తినడం, తిన్నదానికి వంక పెట్టడం, అంతే. వారం తిరిగేసరికి క్యాంపులో ఆవిడ అసలు పేరు పోయి "ఉప్పు తక్కువ పిన్ని" అయింది.

అప్పటికి ఊరు ఊరంతా కంటైనర్లలో ఉంది. వరసగా పేర్చిన తెల్ల రేకు పెట్టెలు, ఒక్కో పెట్టెలో మిగిలిన ఒక్కో కుటుంబం. ఊరట బృందంలో నలుగురు. నాయకుడు రిటైరైన ఇమాం బెద్రీ హోజా (హోజా అంటే గురువు). ఆర్థడాక్స్ చర్చి నుంచి ఫాదర్ స్పిరో. కొండకింద ఊరి అలవీ ముస్లింల నుంచి ఒక ముసలి షేక్. నాలుగోది మునీరే పిన్ని. అందరికీ ఊదారంగు కోట్లు. జిబ్రాయీల్ వాళ్లని రోజూ క్యాంపులన్నీ తిప్పేవాడు. తొమ్మిదో తరగతిలో బడి తనని తట్టుకోలేక వదిలేసిందని చెప్పుకునే మనిషి, ఇప్పుడు "నా బండికి బీమా ఎందుకు? లోపల పెద్దమనుషులు మూడు రకాలుగా ప్రార్థన చేస్తూ కూర్చుంటారు" అని కొత్త గొప్ప మొదలెట్టాడు.

బృందానికి మూడు నియమాలు. నీ మతం మాట నువ్వు ఎత్తకూడదు. అడగనిదే ప్రార్థన చేయకూడదు. బాధితుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. మొదటి రెండూ పిన్ని ప్రాణం పెట్టి పాటించింది. మూడోది చెప్పే సమయానికి తాను వంటశాలలో ఉన్నానంది.

వర్దె కథ దగ్గరికి వద్దాం, పిన్ని అసలు ఘనకార్యం అదే కాబట్టి.

వర్దె ఆర్థడాక్స్ క్రైస్తవురాలు. ఆ పేటలో ఎవరింట పెళ్లయినా గరిటె ఆవిడ చేతిలో ఉండాల్సిందే. భర్త ఇలియాస్, ఇల్లు, ఇంటికన్నా ఎక్కువగా చూసుకున్న వంటిల్లు, అన్నీ ఒకే తెల్లవారుజామున పోయాయి. క్యాంపువాళ్లు భోజనం పొట్లం తెచ్చిస్తే "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని రెండు చేతులా పుచ్చుకునేది. వాళ్లు అటు తిరగ్గానే పిల్లులకు పెట్టేసేది. పిల్లులు గుండ్రంగా తయారయ్యాయి. వర్దె దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలియనంత చిక్కిపోయింది. డాక్టరమ్మ బెద్రీ హోజాని పక్కకు పిలిచి, ఇలాగే ఉంటే ఈస్టర్ దాకా నిలవదంది.

ఫాదర్ స్పిరో వెళ్లి కీర్తన చదివాడు. వర్దె మర్యాదగా "ఆమెన్" అంది. ఆయన లేవబోతుంటే, "ఇంటికొచ్చిన ఫాదర్‌కి గుక్కెడు టీ ఇవ్వలేని కొంప ఇది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పిన్ని వెళ్లింది. సంచీ మోసుకుంటూ వెనకే వెళ్లిన జిబ్రాయీల్ గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఆకలేస్తోంది. ఏముంది?" అంది పిన్ని, తలగుడ్డ సర్దుకుని కింద చతికిలబడుతూ.

వర్దె గోడవైపు నుంచి తిరగలేదు. "రంజాన్ కదా మీకు."

"నాకు తెలుసులే. ఏముంది?"

"నా దగ్గరేముంటుంది తల్లీ. వాళ్లిచ్చిన పప్పుచారు ఆ మూలనుంది."

పిన్ని డబ్బా మూత తీసి, చెంచాడు నోట్లో పోసుకుని, ముఖం ముడిచింది. ఎవరైనా చూశారేమోనని జిబ్రాయీల్ వెనక్కి తిరిగి చూశాడు. తానూ ఉపవాసమే, కాకపోతే మొదటి సిగరెట్టు దాకా మాత్రమే. అయినా కొన్యా పంతులమ్మ ఇలా తింటుంటే చూడటం వేరు.

"ఉప్పు లేదు," అంది పిన్ని.

"నేను చేసింది కాదు."

"ఈ ఊళ్లో ఇంతేనేమో."

"నేను చేసింది కాదంటున్నానా!"

"అంతాక్య వంట అంతాక్య వంట అని ఊదరగొడుతుంటే ఏమో అనుకున్నాను."

వర్దె లేచి కూర్చుంది. ఆ ఊపుకి కంటైనర్ కదిలిందనీ, పక్కవాళ్లు మళ్లీ భూకంపం అనుకుని బయటికి పరిగెత్తారనీ జిబ్రాయీల్ ఒట్టేసి చెబుతాడు.

"ఏమే, ఏ ఊరే నీది?"

"కొన్యా."

"కొన్యానా! రొట్టెమీద మాంసం పరుచుకుని తినడం తప్ప ఏం వచ్చే మీకు? నా చేతి ముజద్దరా తింటే నీ ఊరు మర్చిపోతావ్!"

"ఏమో మరి. రేపొస్తా. మర్చిపోతానో లేదో చూద్దాం."

ఆ సాయంత్రమే వర్దె కబురు పంపింది, పొయ్యి కావాలని. తర్వాత ఉల్లిపాయలు. తర్వాత, "ఈ గోధుమరవ్వ ఎవడు కొన్నాడు, వాడి కళ్లు కాకులు పొడవ" అని ఇంకో కబురు. జిబ్రాయీల్ మూడుసార్లు బజారుకు తిరిగాడు. మూడోసారి నవ్వుకుంటూ తిరిగాడు.

మర్నాడు పప్పూ రవ్వా ఉడికించి, పైన నల్లగా వేయించిన ఉల్లిపాయలు పరిచిన ముజద్దరా పళ్లెం పిన్ని ముందుకొచ్చింది.

"ఉప్పు తక్కువైంది."

"చచ్చినా కాదు."

"నువ్వు తిని చూడు మరి."

వర్దె ఒక చెంచా తింది. "సరిగ్గా ఉంది."

"ఒక్క చెంచాలో ఏం తెలుస్తుంది? ఉల్లిపాయ కలుపుకుని తిను."

తింది. "ఉంది!"

"ఆ అంచు దగ్గర తిను. నాకొచ్చింది ఆ అంచే."

అలా అంచులన్నీ చూసేసరికి వర్దె తన వంట తానే సగం పళ్లెం తినేసింది. పిన్ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. "రేపు సరిగ్గా వేయి," అని లేచింది.

ఇదే తంతు మిగతా కంటైనర్లకూ పాకింది. పడుకున్నచోటునుంచి లేవని ఆడవాళ్లంతా ఆ కొన్యాదాని నోరు మూయించాలని లేచారు. ఒకామె ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టింది, ఒకామె దానిమ్మ పులుసు పోసి వంకాయ చేసింది. అన్నింట్లో ఉప్పు తక్కువే. అందరూ తిని చూసుకోవాల్సి వచ్చింది.

నెల సగమయ్యేసరికి నీళ్ల పంపు దగ్గర గుసగుసలు. ఊరట చెప్పడానికొచ్చిన హోజా హనుమ్, అంటే పంతులమ్మ గారు, పట్టపగలు తింటోందట, అదీ ఏమీ లేనివాళ్ల ముందు కూర్చుని. జిబ్రాయీల్‌కి ఒళ్లు మండింది. ఊళ్లో ఇంత పెద్ద పుకారు పుడితే అది తన నోట్లోంచి పుట్టకపోవడం అదే మొదటిసారి. ఫిర్యాదు బెద్రీ హోజా దాకా వెళ్లింది. ఆవిణ్ణి కొన్యా పంపేయమని పైవాళ్లు పట్టుబట్టారు.

హోజా వ్యాన్‌లోనే అడిగాడు. "మునీరే హనుమ్, పగలు తింటున్నారట."

"అవునండీ."

"ఏం తిన్నారు?"

"చెప్పుకోదగ్గదేమీ లేదండీ."

జిబ్రాయీల్ దగ్గు నటించాడు. హోజా నిట్టూర్చాడు. "ప్రయాణంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, తప్పిన ఉపవాసాలు తర్వాత ఉండి తీర్చుకోవచ్చు. మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ పంపు దగ్గరి జనానికి ఎవరు చెబుతారు? అందరి ముందూ ఎందుకు?"

"ఆకలేసిందండీ," అంది పిన్ని, కిటికీలోంచి చూస్తూ.

హోజా తన కళ్లతో చూసి తేల్చాలనుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం జిబ్రాయీల్‌ని తీసుకుని వర్దె కంటైనర్ పక్కన నిలబడ్డాడు. లోపల్నుంచి వర్దె అరుపులు. "నాలుక ఉందా నీకు, కొన్యాలో పెట్టొచ్చావా?" తర్వాత చెంచా చప్పుడు. తర్వాత, "ఏదీ, ఉండు, ఇటుపక్క చూడనీ." తలుపు సందులోంచి హోజా చాలాసేపు చూశాడు. పిన్ని ముందున్న పళ్లెంలో ముద్ద కదిలినట్టే లేదు. వర్దె పళ్లెం ఖాళీ. బుగ్గల్లో కాస్త రంగు కూడా వచ్చింది.

హోజా చప్పుడు చేయకుండా వెనక్కి నడిచాడు. వ్యాన్ దగ్గరికొచ్చాక జిబ్రాయీల్ ఆగలేకపోయాడు. "ఏం చూశారు హోజా గారూ?"

"ఏం చూస్తాను నాయనా. కళ్లజోడు మర్చిపోయి వచ్చాను," అన్నాడు హోజా, ముక్కుమీది కళ్లజోడు పైకి తోసుకుంటూ.

ఆ మధ్యాహ్నం జిబ్రాయీల్ సిగరెట్టు వెలిగించలేదు. భూకంపం వచ్చినప్పటినుంచి తన జనాన్ని అందరూ ఒకే మాట అడుగుతున్నారు, మీకేం కావాలి అని. దుప్పట్లు కావాలి, మందులు కావాలి, అని చెప్పీ చెప్పీ వాళ్ల చేతులు చాచే ఉండిపోయాయి. మీ దగ్గరేముంది అని అడిగిన మనిషి ఈవిడొక్కతే. ఇంత పెద్ద ఆలోచన తన బుర్రలోకి ఎలా వచ్చిందో జిబ్రాయీల్‌కి తెలియలేదు. బహుశా ఉపవాసం వల్లనేమో అనుకున్నాడు.

పిన్ని వెళ్లలేదు. వర్దె ఈస్టర్ చూసింది. చూడటమేమిటి, కొయ్య అచ్చు తెప్పించి ఖర్జూరం బిస్కెట్లు కొట్టి క్యాంపంతా పంచింది. వారం తిరక్కుండా రంజాన్ పండగొస్తే, ఆ అచ్చుతోనే మళ్లీ కొట్టి మళ్లీ పంచింది. రెండుసార్లూ ఎవరో ఒకరు ఉప్పు గురించి వ్యాఖ్యానించారు. తియ్యటి బిస్కెట్లలో.

ఎండాకాలం మధ్యలో చిక్కొచ్చింది. రేకు పెట్టెలు పొయ్యిల్లా కాలుతున్న రోజులు. వర్దె చల్లటి మజ్జిగ పంపితే పిన్ని వద్దంది. ద్రాక్షాకుల చుట్టలు పంపితే తిప్పి పంపింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఎండకి పిన్ని పెదవులు పగిలాయి, నడక నెమ్మదించింది. జిబ్రాయీల్ భయపడి నీళ్ల సీసా ఇస్తే దాన్నీ తోసేసింది.

వర్దె గరిటె పట్టుకుని బృందం డేరాకి వచ్చేసింది. "ఏదీ ఆవిడ? పట్టపగలు ఊరందరి వంటా తింది, ఇప్పుడు నా మజ్జిగ పనికిరాదా?"

బెద్రీ హోజా తల దించుకుని అన్నాడు. "అప్పుడు వదిలిన ఉపవాసాలమ్మా. ఇప్పుడు ఉంటోంది."

"ఈ ఎండలోనా? చలికాలం ఉండొచ్చు కదా, అప్పుడు పగలు పొట్టిది!"

"నేనూ అదే అన్నాను. ఏమందో తెలుసా? 'తిన్నది బాగానే తిన్నాను, ఉండేదీ బాగానే ఉండాలి' అంది."

వర్దె గరిటె దించుకుని వెనుదిరిగింది. ఆ సాయంత్రం తన కంటైనర్ ముందు బల్ల వేసింది. ముజద్దరా, వంకాయ, మజ్జిగ, ఖర్జూరాలు, అన్నీ పరిచింది. పిన్నిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. అజాన్ వినబడేదాకా తనూ ముట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆకలికి జిబ్రాయీల్ కళ్లు తిరుగుతుంటే గరిటె చూపించి కూర్చోబెట్టింది.

అజాన్ అయింది. పిన్ని ఖర్జూరం తిని నీళ్లు తాగింది. అందరూ తినడం మొదలెట్టారు. కడుపులో కాస్త పడగానే జిబ్రాయీల్‌కి నోరొచ్చింది. చుట్టూ జనం ఉన్నారు, ఇంతకన్నా మంచి సమయం దొరకదు. చెంచా పైకెత్తి మొదలెట్టాడు. "వినండర్రా! ఈ మునీరే పిన్ని మన వర్దె అవ్వని బతికించడానికి, అమృతంలాంటి వంట తింటూ కూడా, ఉప్పు తక్కువైందని నెలంతా ఎలా నటించిందంటే..."

వర్దె కళ్లు తుడుచుకుని పిన్ని వైపు తిరిగింది. పిన్ని ముజద్దరా ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగింది.

"నటనేమిటి అబ్బాయ్. ఉప్పు నిజంగానే తక్కువ. ఇప్పుడూ తక్కువే."