కనకరత్నం గారి కవచం

కనకరత్నం గారి కవచాన్ని కరిగించేశారు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. కరిగించి, పొడి చేసి, ఆ పొడిని కత్తికి పూసుకున్నారు. ఇది అన్యాయం. ఆ కవచం ఫోనులో ఆడే ఆటలోది కనక, తెర మీద తప్ప ఎక్కడా లేనిది కనక అన్యాయం కాదని నాకు నచ్చజెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ కలిపి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

ఇవాళ పొద్దున కూడా తెనాలిలో మా వసారాలో కూర్చుని ఆట తెరిచాను. మా జట్టుకు అందులో ఒక ఉమ్మడి పెట్టె ఉంది. దాని మూత లేచేటప్పుడు గొలుసు రాసుకున్నట్టు ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, అర్దళమూ కొబ్బరినూనే కలిసిన వాసన నా ముక్కుకు తగులుతుంది. నాటకాల రోజుల్లో వేషగాళ్ళు మొహానికి పూసుకున్న రంగు వాసన అది. మూత లేచింది. కవచం ఉండాల్సిన గడి ఖాళీగానే ఉంది.

కనకరత్నం గారిని మీరు చూసి ఉండరు. మా వైపు పౌరాణిక నాటకాలు జోరుగా ఆడిన కాలంలో ఆవిడ రాజుల వేషాలు కట్టేవారు. మీసం అంటించుకుని ఆవిడ రంగస్థలం మీద అడుగుపెడితే వేమూరు జనం కూర్చున్నచోట కూర్చోలేకపోయేవారు. నేను ఆవిడ నాటక సమాజంలో తెర లాగేవాణ్ణి. నాలుగో తరగతితోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. పెళ్ళయి బిడ్డ పుట్టాక కూడా అక్షరాలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఒకసారి రేపల్లెలో, వెనకనుంచి మాట అందించే మనిషి రాలేదు. ఆవిడ రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు చదవడం రాదండి అని చెప్పాను. "రాదంటే ఎట్టాగయ్యా సుబ్బయ్యా? మాట మరిచిపోతే నాకు నువ్వే దిక్కు" అన్నారు. ఆ రోజు నేను అందించిన మాటల్లో సగం తప్పులే. ఆ తప్పులకే ఆవిడ రాగం తీసి గట్టెక్కించారు. లోపలికి వచ్చాక తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. మర్నాటి నుంచి రైల్లో, బస్సుస్టాండులో, ఎక్కడ కాసేపు కూర్చుంటే అక్కడ నా చేత చదివించారు. ఇవాళ నేను పేపరు చదువుతున్నానన్నా, ఆటలో వస్తువుల కింద ఉండే ఇంగ్లీషు ముక్కలు విప్పుకుంటున్నానన్నా దానికి మొదలు ఆ రేపల్లె నాటకమే.

సమాజంలో ఒక పద్ధతి ఉండేది. వేషగాడు చనిపోతే అతని కిరీటం, భుజకీర్తులు అతని ఇంటికి వెళ్ళవు. ఉమ్మడి పెట్టెలోకి వస్తాయి. తరవాత ఆ వేషం కట్టేవాడు అందరూ వింటుండగా, ఇది ఫలానావారిది, నేను కట్టుకుంటున్నాను అని చెప్పి ధరించాలి. కొత్తగా చేరిన ఒకాయన, కాస్త డబ్బున్నవాడు, ఈ తంతేమీ లేకుండా ఒక కిరీటం తీసి నెత్తిన పెట్టుకున్నాడు. కనకరత్నం గారు సగం రంగు వేసుకున్న మొహంతోనే లేచి వచ్చి, ఎవరిదయ్యా అది అని అడిగారు. పెట్టెలో ఉందండి అన్నాడాయన. "పెట్టెలో ఉందని నాకూ తెలుసు. ఎవరిదని అడుగుతున్నా" అన్నారు. ఆయనకు తెలియదు. బయట జనం ఈలలు వేస్తున్నారు. నేను తెర తాడు పట్టుకుని ఆవిడ వంక చూస్తున్నాను. ఆయన వెళ్ళి హార్మోనియం వాయించే పెద్దాయన్ని అడిగి, పేరు తెలుసుకుని వచ్చి, అందరి ముందూ చెప్పేదాకా ఆవిడ నన్ను తెర లాగనివ్వలేదు.

నాటకాలు పోయాయి. ఇద్దరం ముసలివాళ్ళమై తెనాలిలో ఒకే వీధిలో తేలాం. ఆవిడకు మోకాళ్ళు పోయాయి. పాత పద్యాలు వినడానికని కొనుక్కున్న ట్యాబులో ఈ ఆట దొరికింది. రాక్షసులు, గుహలు, మంత్రాల ఉంగరాలు ఉండే ఆట. మొదట మన మనిషికి తలనుంచి పాదాలదాకా అన్నీ తొడగాలి. శిరస్త్రాణం, కవచం, చేతి తొడుగులు, జోళ్ళు, ఒక్కోదానికి ఒక్కో మహిమ. ఆ తెర చూసి ఆవిడ పకపకా నవ్వి నన్ను కేకేశారు. "ఇటు రావయ్యా, మన గ్రీన్‌రూము ఇందులో పెట్టారు." ఆ నవ్వు కోసమే నేనూ నా ఫోనులో ఆట పెట్టించుకున్నాను.

ఆవిడ డాలు పట్టి ముందు నిలబడి దెబ్బలు కాచే వేషం ఎంచుకున్నారు. నన్ను విలుకాణ్ణి చేశారు. "తెర వెనక మనిషివి, అక్కడే ఉండు" అన్నారు. ఆటలో మేం చేరిన జట్టులో మిగతా అందరూ వస్తువు కింద ఉండే అంకె చూసి తొడిగేవారు. పెద్ద అంకె ఉంటే గొప్ప వస్తువు. ఆవిడ అంకెను అన్నిటికన్నా చివర చూసేవారు. ఈ పాత్ర ఎక్కడ నిలబడుతుంది, ఎవరికోసం నిలబడుతుంది, అది తేలాకే జోళ్ళయినా తొడిగేవారు. ఎంతోకాలం ఒక కొండగుహ చుట్టూ తిరిగి నీలం కవచం ఒకటి సంపాదించారు. అందులో ఒక రాయి పొదగవచ్చు. ఆవిడ పొదిగిన రాయి ఆవిడకు అక్కరకొచ్చేది కాదు. దానివల్ల ఆవిడకు దెబ్బ తగిలినప్పుడల్లా వెనక ఉన్నవాడి గాయం కాస్త మానుతుంది. మా జట్టుకు పెద్ద బాపట్లలో ఉండే శిరీష అనే అమ్మాయి. అందరం ఫోనులో మాట్లాడుకుంటూ ఆడతాం కదా, ఆ రాయి దండగ మామ్మగారూ, బలం పెంచేది పెట్టుకోండి అని పోరు పెట్టింది. ఈవిడ డాలు దించకుండానే, "నాకు బలముంటే నా వెనకవాడికి ఏం ఒరుగుతుందమ్మా?" అన్నారు. వెనకవాణ్ణి నేనే. ఆ ఆటలో నేను చావకుండా ఉన్నానంటే ఆవిడ తిన్న దెబ్బల వల్లనే.

ఆసుపత్రిలో చేరాక ఆవిడ ట్యాబు నా చేతికిచ్చి, కవచాన్ని ఉమ్మడి పెట్టెలోకి పంపించమన్నారు. ఎందుకండీ, ఉండనివ్వండి అన్నాను. "వేషం ఆగకూడదయ్యా. ఎవరో ఒకరు కట్టుకుంటారు. పేరు చెప్పి కట్టుకోమను, అంతే" అన్నారు. ఆవిడ చూస్తుండగానే పంపాను. ఆవిడ పోయిన తరవాత జట్టు గ్రూపులో తెలుగులో వివరంగా రాశాను, ఇది కనకరత్నం గారి కవచం, పేరు చెప్పి కట్టుకోండి అని. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు. కొన్నాళ్ళకు గడి ఖాళీ అయింది. ఎవరు కట్టుకున్నారా అని సంతోషపడి ఒక్కొక్కళ్ళ ఒంటి మీదా వెతికాను. ఎవరి ఒంటి మీదా లేదు.

ప్యాసింజరు రైలెక్కి బాపట్ల వెళ్ళాను. శిరీష మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు నుంచి స్టేషనుకు వచ్చింది. మర్యాద తెలిసిన పిల్లే, టీ ఇప్పించింది. దీనికోసం ఇంత దూరం వచ్చారా అని ఆశ్చర్యపోయింది. దీనికోసమే వచ్చానన్నాను.

"తాతగారూ, పెట్టెలో పెట్టారంటే అక్కర్లేక పెట్టినట్టండి. ఎవరైనా అంతే చేస్తారు. అలాంటివి కరిగించి వాడుకుంటాం. మళ్ళీ ఆ గుహకెళ్ళి ఇంకోటి కొట్టుకొద్దాం, మీకే ఇస్తాను."

"నాకెందుకమ్మా, నేను విలుకాణ్ణి. ఎవరు కరిగించారో అది చెప్పు."

"జట్టేనండి."

"జట్టంతా కలిసి ఒక బొత్తాం నొక్కదమ్మా. ఎవరో ఒకరి వేలే నొక్కి ఉంటుంది."

ఆ అమ్మాయి ఖాళీ గ్లాసులు ఇచ్చేసి రావడానికి లేచింది. నా రైలు వచ్చింది.

అక్కర్లేక పెట్టడమట. ఒక మనిషి చావబోతూ, తనకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని తన తరవాతివాళ్ళకని పెడితే, దానికి వీళ్ళ లెక్కలో పేరు చెత్త. వస్తువు ఇనుముదా, తెర మీది వెలుగుదా అని కాదు నా తగువు. అట్టముక్కకు తగరపు కాగితం అంటించిన కిరీటాలు మావి. వాటి ఖరీదు మాత్రం ఎంత? పేరు అడగకుండా ముట్టుకోకపోవడమే వాటి ఖరీదు.

ఆ రోజు నుంచి గ్రూపులో రోజూ అదే ప్రశ్న రాశాను: కనకరత్నం గారి కవచం ఎవరు కరిగించారు? తాతగారు పోలీసు స్టేషనుకు వెళతారేమో అని ఒకడు, తాతగారికి కొత్త కవచం కుట్టించండ్రా అని ఇంకొకడు. నవ్వుకోనీ అనుకున్నాను. మా ఇంట్లోవాళ్ళు కూడా వదిలెయ్యమన్నారు. వదలలేదు. పేరు తెలియకుండా తెర లేవదని నాకు నేర్పిన మనిషి కవచం అది. నాకు వచ్చిన చదువంతా ఆవిడ పెట్టినదే. దానితో ఒక్క వాక్యం రోజూ రాయలేకపోతే ఆ చదువెందుకు?

నిన్న సాయంత్రం శిరీష నాకు విడిగా జవాబు రాసింది. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దించుతున్నాను.

"తాతగారూ, నొక్కింది నేనేనండి. మీరు బాపట్ల వచ్చిన రోజే చెప్పాల్సింది, ఎదురుగా కూర్చుని చెప్పలేకపోయాను. అప్పుడు మీరు రాసింది పొడుగ్గా ఉందని చదవకుండా దణ్ణం బొమ్మ పెట్టేశాను. పోయిన వారం మళ్ళీ వెనక్కి వెళ్ళి మొత్తం చదివాను. కవచం తిరిగి వస్తుందేమోనని ఆట కంపెనీవాళ్ళని అడిగాను, రాదన్నారు. నా కత్తికి పూసిన పొడి తియ్యడానికి కూడా వీల్లేదట. కత్తి పక్కన పెట్టేశాను, వారం నుంచి ఆడట్లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలో మీరే చెప్పండి."