గజాల పటం, మీటర్ల పటం

మొన్న మా మనుమరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఆఫీసులో తన ట్యాంకు ఒకటి గాల్లో తేలుతోందని చెప్పింది. సైన్యం శిక్షణ కోసం కంప్యూటర్లో ఉత్తుత్తి యుద్ధాలు తయారుచేయడం తన ఉద్యోగం. రెండు కంప్యూటర్లను కలిపి ఒకే యుద్ధం నడిపిస్తే, ఒకదానిలో నేలమీద ఉన్న ట్యాంకు రెండోదానిలో బారెడు ఎత్తున కనిపిస్తోందట. "రెండూ భూమిని వేరువేరుగా కొలుస్తున్నయి తాతా. దేని లెక్క దానికి కరెక్టే" అంది. నేను నవ్వలేకపోయాను. "ఆ నేలమీద మనుషులెవరన్న ఉన్నరా?" అని అడిగాను. పాపం, ఆ ప్రశ్న ఎందుకో దానికి అర్థం కాలేదు.

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను కరీంనగర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. దేశమంతా కవాతుల మీద ఉంది. పిల్లలకు ఖాకీ బట్టలిచ్చి, లెక్కల మనిషిని కదా అని వాళ్లకు నన్ను అధికారిని చేశారు. నాకు కుడిఎడమలే సరిగా తెలియవు. నా అదృష్టం, మా ఆవిడ అన్నగారు, అంటే మా బావ, ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి అప్పుడే ఇంటికొచ్చాడు. పటం చదవడం నేర్పమని అతన్ని పిలిపించాను. కాలేజీ హాల్లో మానేరు ఇసుక పోయించి, దాంట్లో గుట్టలు, వాగులు, చేన్లు కట్టి, ఎర్రదారం ఒక సైన్యం, పచ్చదారం ఇంకో సైన్యం అని ఆడించేవాడు. ఇంట్లో బెండకాయ తరిగినా అంతే శ్రద్ధ. పటంలో ముందు అడ్డం అంకెలు, తరువాత నిలువు అంకెలు చదవాలని నాకు రోజూ చెప్పేవాడు. నేను రోజూ తారుమారు చేసేవాణ్ణి. "పంతులూ, నువ్వు గిట్ల చదివితె మన గుండు మన నెత్తినే పడ్తది" అనేవాడు.

మాఘమాసంలో సైన్యం నుంచి ఒక కెప్టెన్, నలుగురు జవాన్లు వచ్చారు. మెట్‌పల్లి దాటాక ఒక బోడగుట్ట మీదికి మోర్టార్, అంటే చిన్న ఫిరంగి, నిజంగా పేల్చి పిల్లలకు చూపిస్తామన్నారు. గుట్ట ఎక్కడుందో తన పటం చూసి ఆరు అంకెల్లో కెప్టెన్‌కు రాసిచ్చింది బావే. గుట్ట వైపు ఎవరూ పోవద్దని ఊళ్లో దండోరా వేయించాం.

ఆ ఉదయం కెప్టెన్ తన పటం విప్పినప్పుడు పక్కన నేనే ఉన్నాను. కొత్త కాగితం, అంచున మీటర్లని అచ్చు. నా చేతిలో ఉన్న బావ పటం పాతది, గజాలది. రెండింటిమీదా గళ్లున్నాయి, అంకెలున్నాయి. ఒకే ఆరు అంకెలు రెండు పటాల్లో ఒకేచోట ఎట్లా పడతాయి? అడగబోయి ఆగాను. యూనిఫాంలో ఉన్నవాళ్లకు తెలియదా, నేనే మళ్లీ అడ్డాన్ని నిలువుగా చదువుతున్నానేమో అనుకున్నాను. మోర్టార్ గొట్టం నిలబెట్టారు. గుట్ట ఎదురుగా ఉంది. గొట్టం దానికి కుడివైపుకు చూస్తోంది. రెండు పటాలూ మార్చి మార్చి చూస్తూ నా వేళ్లమీద లెక్క వేసుకున్నాను, చెరిపేశాను, మళ్లీ వేశాను. నోరు మాత్రం తెరవలేదు.

జవాను గుండు చేతిలోకి తీసుకున్నాడు. ఒక పక్కగా పిల్లలతో కూర్చున్న బావ ఒక్కసారిగా లేచి, "రోకో! ఆపుండ్రి!" అని అరుస్తూ గొట్టానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కెప్టెన్ మొహం కందగడ్డ అయింది. అందరి ముందూ బావను తిట్టాడు. బావ కదలలేదు. "తిట్టుండ్రి సాబ్, తప్పు నాదే. జర రెండు పటాలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి" అన్నాడు.

పెట్టి చూశారు. బావ పటంలో గుట్ట నెత్తిన పడిన అంకెలు, కెప్టెన్ పటంలో గుట్టకు కుడిపక్కన, చెట్ల తోపు అవతల పడ్డాయి. అందరం అటు నడిచాం. తోపు దాటితే పసుపు చేను. పదిమంది ఆడవాళ్లు తవ్విన పసుపు కొమ్ములు కుప్పలు పోసి, సద్ది మూటలు విప్పుకుంటున్నారు. కెప్టెన్ టోపీ తీసేశాడు. వాళ్లలో పెద్దామె మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. "గుట్టకు పోవద్దన్నరు, మేం పోలే గద సారూ. గిది మా చేనాయె" అంది. బావ చేనుగట్టు మీద కూలబడ్డాడు. ఆమే ముంతతో నీళ్లిచ్చింది.

గుండు ఆ రోజు పేలలేదు. హాల్లో ఇసుకను బావ మర్నాడే మానేట్లో పోయించాడు. అప్పటినుంచి పిల్లల్ని ముందు పటంలో చూపబోయే చోటికి నడిపించి, చేను ఎవరిది, నీళ్లకు ఎవరొస్తారు అని అడిగించి, ఆ తరువాతే పటం విప్పేవాడు. అందరూ అతన్ని మెచ్చుకుంటుంటే నేను తల దించుకుని కూర్చునేవాణ్ణి.

చాలా ఏళ్లకు, ఇద్దరికీ జుట్టు నెరిశాక, బాసరకు పోయే బస్సులో చెప్పేశాను: "బావా, ఆ పొద్దు నీకంటె ముందుగాల నేనే చూసిన. భయపడి చెప్పలే."

బావ కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. "నాకెరుకే పంతులూ. నేను గొట్టం దిక్కు చూడనే లేదు. నువ్వు రెండు పటాలు మార్చి మార్చి చూసుడు, నీ మొకం తెల్లవడుడు చూసే గద లేచిన" అన్నాడు.

నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్న ఆ ఉదయాన్ని, అన్నేళ్లూ అతను కూడా నాకు తెలియకుండా ఒక కొస పట్టుకునే నడిచాడని తెలుసుకోవడానికి, నాకు సగం జీవితం పట్టింది.