పెద్దమ్మ ఒళ్ళో మొగులు

ఆదివారాలు పొద్దున్నే ధర్మసాగర్ చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టాక నాకు కెమెరా మీద మనసు పోయింది. ఆ వేళప్పుడు అక్కడ నీళ్ళెక్కడ ఆగుతాయో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మంచులో ఏది కొంగో, ఏది నీటి మీది తళుకో చెప్పలేం. మా ఆయన ముందు నడిచిపోతుంటే నేను వెనక నిలబడిపోయి ఫోన్ ఎత్తేదాన్ని. ఇంటికొచ్చి చూసుకుంటే బూడిద రంగు మీద నాలుగు తెల్ల చుక్కలు. వేళ్ళతో లాగి పెద్దవి చేస్తే అవి పక్షులు కాకపోగా చుక్కలు కూడా కాకుండా పోయేవి.

మాకు హనుమకొండలో మందుల షాపు ఉంది. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కౌంటర్ వెనక కూర్చుని కెమెరాల వీడియోలు చూసేదాన్ని. సూపర్‌జూమ్ అన్న మాట అక్కడే విన్నాను. లెన్సులు మార్చే పని లేదట. కాళ్ళ దగ్గరి గడ్డిపువ్వు నుంచి అవతలి ఒడ్డున కూర్చున్న పక్షి దాకా ఒకే లెన్సు సాగుతుందట. నాలాగా కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అదే మంచిదని అందరూ చెప్పేవాళ్ళు. ఒక వీడియోలో ఎవరో ఆకాశంలోని తెల్ల చుక్కను దగ్గరికి లాక్కుంటూ పోయారు. చుక్క చందమామ అయింది, చందమామ నిండా గుంటలు కనిపించాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి, నేను ఆ గుంటల అంచున నడుస్తున్నాను. "అక్కా, జరమొచ్చింది, గోళియ్యి" అని ఎవరో పిలిస్తే అంత దూరం నుంచీ తిరిగొచ్చాను.

"ఫోన్ల కెమెరా ఉన్నది గదా, ఇంకోటెందుకు?" అన్నాడు మా ఆయన చాలా రోజులు. చివరికి ఒక ఆదివారం కట్ట మీద నా పక్కన ఆగి, చేయి అడ్డం పెట్టుకుని నేను చూసేవైపు చాలాసేపు చూసి, "తీస్కో. బీరువల పెట్టేటట్టయితె మాత్రం వద్దు" అన్నాడు.

ఏది కొనాలో అప్పటికే తేల్చుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువ దూరం సాగే జూమ్ ఉన్నది.

కొనడానికి వెళ్ళిన రోజు మాతో పెద్దమ్మ ఉంది. మా అమ్మకు అక్క. కాశిబుగ్గలో ఉంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ గుంట మగ్గం ముందు కూర్చుని జంపఖానాలు నేసింది. ఇప్పుడు మగ్గం లేదు గానీ, నడుము మాత్రం మగ్గం మీదికి వంగినట్టే ఉండిపోయింది. నిలబడితే ఆమె చూపు తన కాళ్ళకు కొంచెం ముందు నేల మీద పడుతుంది. ఆ రోజు దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే ఫోటోలు తీయించి చూసి, నొప్పికి మందులిస్తానుగానీ వంగిన నడుము ఇక లేవదని చెప్పాడు. "అది నాకెరికే గదా" అంది పెద్దమ్మ, ఆయన్నే ఓదార్చినట్టు. దారిలో కెమెరా షాపు ముందు ఆటో ఆపించి, "ఊకె రాపో అత్తమ్మా, ఫ్యాన్ కింద జర కూసుందువు" అన్నాడు మా ఆయన. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాం.

షాపతను నేను అడిగిందాన్నే తెచ్చి చేతిలో పెట్టాడు. చిన్న కిటికీలాంటి దానికి కన్ను ఆనించి, తలుపులోంచి రోడ్డు అవతలి బిల్డింగ్ వైపు చూశాను. వేలి కింది మీట కదిపితే లెన్సు సన్నగా గుర్రుమంటూ ముందుకు జరిగింది. బస్సులూ హారన్లూ జనమూ పక్కలకు జరిగిపోయి, పిట్టగోడ మీద కూర్చున్న పావురం ఒక్కటే మిగిలింది. దాని ఎర్రటి కన్ను. మెడ మీద ఆకుపచ్చ, ఊదా రంగులు ఒకదాన్లోకి ఒకటి జారుతున్నాయి. నా చేయి వణికినప్పుడల్లా పావురం పడవలో ఉన్నట్టు ఊగుతోంది. ఎంతసేపు అలా ఉన్నానో.

"ఇది ఫుల్ జూమ్‌ల పట్టుకొనుడు కష్టమక్కా. స్టాండు గావాలె" అన్నాడు షాపతను. "ఇగో, ఇది గూడ సూడు. జూమ్ కొంచెం తక్కువ. గని తెర పక్కకు తెరుసుకుంటది, ఎటంటె అటు తిరుగుతది."

నేను పావురాన్ని వదల్లేదు. రెండోది కౌంటర్ మీదే ఉండిపోయింది.

"గది ఇటియ్యి బిడ్డా, సూస్త" అంది పెద్దమ్మ. షాపతను దాని తెర తెరిచి, పైకి తిప్పి, ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఎప్పటిలాగే కిందికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి పకపకా నవ్వింది.

"అగో, బల్లి!"

అందరం ఆమె కాళ్ళ దగ్గర వెతికాం. "ఆడ గాదు, మీద!" అంది. తలెత్తి చూస్తే నిజంగానే ట్యూబ్‌లైట్ పక్కన సీలింగ్‌కు బల్లి అతుక్కుని ఉంది. ఒళ్ళో ఉన్న కెమెరా లెన్సు పైకి చూస్తోంది. ఆమె తెరలోకి చూస్తోంది. తెరలో ఫ్యాను తిరుగుతోంది.

ఆమె నవ్వు ఆపింది. "దీంట్ల మొగులు గూడ వస్తదా?" అని మెల్లగా అడిగింది. ఆకాశాన్ని ఆమె మొగులనే అంటుంది.

చేయి పట్టుకుని గడప దాకా తీసుకెళ్ళాను. కెమెరా బెల్టు మెడలో వేసి, లెన్సు పైకి వచ్చేలా పట్టుకోమని, తెరను ఆమె ముఖం వైపు తిప్పాను. కరెంటు తీగలు, వాటిపైన మబ్బులు, ఆ మబ్బుల కింద తిరుగుతున్న గద్ద. ఎండ తెర మీద పడకుండా మా ఆయన తన రుమాలు అడ్డం పట్టాడు. ఆమె తెరను ముఖానికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. గద్ద తెరలోంచి వెళ్ళిపోతే వేచి ఉంది. అది మళ్ళీ వచ్చింది.

"మొగులు గిట్లనే ఉన్నదా ఇంకా?" అంది.

అప్పటికప్పుడు ఆ రెండోదే కొన్నానని చెబితే బాగుంటుంది. కానీ నేను లోపలికి వచ్చి మళ్ళీ మొదటిదాన్నే చేతిలోకి తీసుకున్నాను. ఎన్నో మధ్యాహ్నాలు కలలు కన్నది దాని కోసమే. ఆ పావురం ఇంకా అక్కడే ఉంది. "ఆ రెండోదాని జూమ్ నాకు సాలుతదా అన్నా?" అని అడిగాను. "నేర్సుకునేటోళ్ళకు మస్తు" అన్నాడతను. మా ఆయన నావైపు చూడకుండా గోడ మీది ఫోటోలు చూస్తున్నాడు. పెద్దమ్మ ఇంకా గడప దగ్గరే ఉంది. తలెత్తకుండా ఆకాశాన్ని చూస్తూ, దారిన పోయేవాళ్ళకు అడ్డం నిలబడి ఉంది.

రెండోదే ప్యాక్ చేయమన్నాను.

తర్వాతి ఆదివారం ఆమెను కూడా ధర్మసాగర్ తీసుకుపోయాం. ఆ రోజు మంచు ఎక్కువగా ఉంది. నేను ముందే జూమ్ అంతా లాగేసి పక్షి కోసం వెతికేదాన్ని. తెరలో తెల్లటి శూన్యమే తప్ప ఏమీ దొరికేది కాదు. పెద్దమ్మ అలా కాదు. ముందు చెరువంతా తెరలో పెట్టుకుని, అందులో తనకు కావలసింది దొరికాక మీటను కొద్దికొద్దిగా జరిపేది. "గంత తొందరెందుకు? అదేమన్న ఉరుకుతాందా?" అంది. నిజానికి ఆమె తీసిన ఫోటోల్లో సగం మసకే. చాలావాటిలో వేలు అడ్డం వచ్చింది. ఆమెకు ఫోటోల మీద అంత ధ్యాస లేదు. చూడటమే కావాలి.

కట్ట దిగువన తాటిచెట్లున్నాయి. ఒక చెట్టు మీద కల్లు గీసే ఆయన ఉన్నాడు. పెద్దమ్మ అతన్ని తెరలోకి తెచ్చుకుంది. నేనూ ఆమె భుజం మీంచి వంగి చూశాను. నడుముకు మోకు, చేతిలో కత్తి, మంచులో తేలుతున్నట్టున్న మనిషి. అతని పెదవులు కదులుతున్నాయి, తల ఊపుతున్నాడు, నవ్వుతున్నాడు. మాటలు మాత్రం మాదాకా రావడం లేదు.

"ఎవలతోని మాట్లాడ్తాండు? చెట్టుతోనా?" అంది పెద్దమ్మ.

అతను దిగే దాకా కదలనంది. దిగాక పిలిచి అడిగింది. అతను చెవిలోంచి చిన్న ఇయర్‌ఫోన్ తీసి చూపించి సిగ్గుపడ్డాడు. "ఫోన్ల మా ఇంటిదాంతోని అవ్వా. కూరేమొండాల్నని అడుగుతాంది."

పెద్దమ్మ తెరలో అతని ఫోటో చూపించింది. అదొక్కటి బాగా వచ్చింది. అతను తడిచేతులు లుంగీకి తుడుచుకుని, కెమెరాను రెండు చేతులతో పట్టుకుని చూశాడు.

"చిన్నప్పటి సంది ఎక్కుతాన. నన్ను నేను ఆడ ఎన్నడు సూసుకోలే" అన్నాడు. ఆ ఫోటో తన ఫోన్‌కు పంపమన్నాడు. ఎలా పంపాలో నాకప్పటికి రాదు. కెమెరా తెర మీది బొమ్మనే అతను తన ఫోన్‌తో ఫోటో తీసుకుని వెళ్ళాడు.

ఆ రోజు నుంచి కెమెరా కాశిబుగ్గలోనే ఉంటోంది. ఎవరూ అలా అనుకోలేదు, అలా అయిపోయింది. వారమంతా ఆమె అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తుంది. ఆదివారం నేను వెళ్ళి తెచ్చుకుంటాను. ఇప్పుడు నాక్కూడా పక్షులు దొరుకుతున్నాయి. చిన్నగానే, కాస్త మసగ్గానే. అయినా కొంగ కొంగలాగే కనిపిస్తోంది. ఆ పెద్ద జూమ్ మీద ఆశ పూర్తిగా పోలేదు. కెమెరా షాపు ముందు నుంచి వెళ్ళినప్పుడు అద్దాల్లోంచి లోపలికి చూస్తూనే ఉంటాను.

మొన్న వెళ్ళేసరికి వాన వెలిసింది. అరుగు ఇంకా తడిగానే ఉంది. నేను ఎప్పటిలా ఆమె పక్కన కూర్చోబోతే, "కూసోకు. ఆడ్నే నిలబడు" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"నువ్వు కూసుంటెనే గదా నేను నీ మొఖం సూసేది. నిలబడితె ఎట్లుంటవో మర్సిపోయిన."

వాకిట్లో నిలబడ్డాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె తల వంచుకుని తెరలోకి చూస్తూ లెన్సును నావైపు ఎత్తింది. లెన్సు సన్నగా గుర్రుమంది. నా తల వెనక ఏముందో నాకు కనిపించదు, మబ్బులు విడిపోతూ ఉండాలి. చాలాసేపటి దాకా ఆమె బటన్ నొక్కలేదు.

"ఎంటికలు తెల్లగైతానయి బిడ్డా" అంది. తర్వాత ఇంకా మెల్లగా, "మీ అమ్మ గూడ గిట్లనే నిలబడేది, ఒక కాలు మీద బరువేసి" అంది.

నేను అప్పుడు నా కాళ్ళు చూసుకున్నాను. నిజమే.